పందిరి ద్రాక్ష పులిసింది, ఇక కాయవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ల క్రితం కడియం నర్సరీలో నల్లద్రాక్ష మొక్క కొని పెరట్లో నాటాను. తీగ డాబా మీది పందిరికి అల్లుకొని ఈ వేసవిలో విరగకాసింది. కాయ పుల్లగా ఉండడంతో పిల్లలు తినడం లేదు. మా మేనల్లుడు జార్జియా దేశంలో వైద్యవిద్య చదువుతున్నాడు. అక్కడ పల్లెల్లో ద్రాక్ష పిప్పిని పులియబెట్టి ‘చాచా’ అనే సారాయి ఇళ్లలోనే కాచుకుంటారనీ, కుక్కరుకు రాగి గొట్టం బిగిస్తే మనమూ కాచుకోవచ్చనీ, మొదట దిగిన కప్పు పారబోస్తే ప్రమాదం ఉండదనీ చెప్పాడు. నేను 10 కిలోల కాయ నలిపి, కిలో పంచదార, రెండు చెంచాల బేకరీ ఈస్టు కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి డాబా మీది రేకుల గదిలో ఉంచాను. నాలుగు రోజులు బాగా పొంగి ఆగిపోయింది. ఇప్పుడు పైన తెల్లటి పొర కట్టింది, గోళ్ల రంగు వాసన వస్తోంది, రుచి చూస్తే ఇంకా తీపిగానే ఉంది. ఎక్కడ చెడింది? దీన్ని బాగుచేసి కాయవచ్చా?
— కోనసీమ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీరు చివర అడిగినదానికి ముందుగా జవాబు చెబుతాను. కాయవద్దు. కుక్కరుకు గొట్టం ఇంకా బిగించకపోతే ఆ ఆలోచన ఇక్కడితో మానుకోండి. బిగించి ఉంటే విప్పేయండి. అయితే డ్రమ్ములో ఉన్న రసం పారబోయనవసరం లేదు. అది తనంతట తానే వెనిగర్ వైపు నడుస్తోంది, మన ప్రాంతపు వేసవిలో నలిపిన ద్రాక్ష పోయే సహజమైన దారి కూడా అదే. ఆ దారిలో దాన్ని సరిగ్గా నడిపిస్తే ఏడాదికి సరిపడా మంచి వెనిగర్ మీ ఇంట్లోనే తయారవుతుంది.

కాయవద్దని ఎందుకు చెబుతున్నానో వివరించాలి. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాచిన సారాయి మాత్రమే కాదు, కాయాలనే ఉద్దేశంతో ఉంచుకున్న పాత్రలూ, ముడిసరుకూ కూడా ఆ నేరం కిందికే వస్తాయి. ఇంట్లోకి కొద్దిగా కాచుకుంటున్నామన్న మాట అక్కడ చెల్లదు. గోదావరి లంకల్లో బట్టీలు పగలగొట్టి బెల్లం ఊట పారబోశారన్న వార్తలు మీరు తరచుగా చదివే ఉంటారు. మీ డ్రమ్ములోని ద్రాక్ష రసం కాచడానికే ఉంచినదైతే చట్టానికి దానికీ ఆ ఊటకూ తేడా ఉండదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారాయి నిషేధం దాకా తీసుకువెళ్లింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించినప్పుడు కూడా సారాయికి తలుపు తెరవలేదు. మీ మేనల్లుడు చూసినది అబద్ధమని నేను అనడం లేదు. జార్జియాలో దాదాపు ఎనిమిది వేల ఏళ్ల నాటి వైన్ ఆనవాళ్లు మట్టిపాత్రల్లో దొరికాయి, ఇళ్లలో చాచా కాయడం అక్కడి పల్లె జీవితంలో భాగం. న్యూజిలాండ్‌లో కూడా సొంత వాడకానికి కాచుకోవడాన్ని 1996 నుంచి అనుమతిస్తున్నారు. అక్కడి చట్టం అక్కడిది, రాజోలులో ఉన్న మనిషికి వర్తించేది ఇక్కడి చట్టం.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టినా, కుక్కరు పద్ధతి ప్రమాదకరమైనది. నలిపిన ద్రాక్షలో తొక్కలూ గుజ్జూ ఉంటాయి. అవి పొంగి ఆవిరి దారిలో ఇరుక్కుంటే లోపల ఒత్తిడి పెరిగి కుక్కరు పేలుతుంది. గొట్టం అతుకులోంచి తప్పించుకునే ఆల్కహాల్ ఆవిరి గ్యాస్ మంటను అందుకుంటే వంటగది అంటుకోవడానికి క్షణం చాలు. అతుకులకు సీసం కలిసిన టంకం వాడితే ఆ సీసం దిగే ద్రవంలోకి చేరుతుంది.

మొదటి కప్పు పారబోస్తే విషం పోతుందన్న మాటను కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ నమ్మకం చదువుకున్నవాళ్లలోనూ బలంగా ఉంది. ఆ విషమైన మిథనాల్ 64.7 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తాగే ఆల్కహాల్ అయిన ఇథనాల్ 78.4 డిగ్రీల దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయన్న పుస్తకపు లెక్క నుంచి ఇది పుట్టింది. ఆ లెక్క విడివిడి ద్రవాలకు వర్తిస్తుంది. మూడూ కలిసి ఉన్నప్పుడు మిథనాల్ అంతా ముందే లేచిపోయి తక్కినవాటికి దారి ఇవ్వదు. మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుంది. ద్రాక్ష తొక్కలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం విడిపోయేటప్పుడు మిథనాల్ పుడుతుంది కనుక, పిప్పితో సహా కాచినదాంట్లో అది ఎక్కువగా ఉంటుంది. శరీరంలోకి వెళ్లాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. నిజం చెప్పాలంటే ఇంట్లో పులిసిన ద్రాక్షలో మిథనాల్ కొద్దిగానే ఉంటుంది, వందల ప్రాణాలు తీసిన కల్తీ సారా ఘోరాల్లో చాలావరకు పరిశ్రమల మిథనాల్ కలపడం వల్ల జరిగినవే. అయినా ఇంట్లో కాచిన సీసాలో అది ఎంత ఉందో ప్రయోగశాల పరీక్ష తప్ప రంగు, వాసన, మంట ఏవీ చెప్పలేవు. ఇంట్లోవాళ్ల కళ్లను అటువంటి అంచనాకు వదిలిపెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ఇక డ్రమ్ములో ఏం జరిగిందో చూద్దాం. 10 కిలోల కాయను చేత్తో పిండితే సుమారు ఆరున్నర లీటర్ల రసం వస్తుంది. పుల్లటి నల్లద్రాక్ష రసంలో లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర ఉందనుకుంటే, అదే ఒక కిలో అవుతుంది. మీరు కలిపిన పంచదార మరో కిలో. అంటే ఏడు లీటర్లలో రెండు కిలోలు, లీటరుకు దాదాపు 280 గ్రాములు. లీటరులో 17 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది కాబట్టి, మీరు ఆ ఈస్టును 16 శాతం దాకా పని చేయమని అడిగారన్నమాట. రొట్టె పొంగడానికి తయారైన ఈస్టు అంతదూరం రాలేదు. అంత చిక్కటి తీపిలో దానికి మొదటి నుంచే ఊపిరాడదు, తరువాత తాను పుట్టించిన ఆల్కహాలే దాన్ని అణిచివేస్తుంది.

దీనికి తోడు వేడి. ఈస్టుకు 20 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 35 దాటితే నీరసిస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం డాబా మీది రేకుల గది 40 డిగ్రీలకు తక్కువ ఉండదు, పైగా పులిసే రసం తన వేడిని తానే పుట్టిస్తుంది. నాలుగు రోజులు ఉధృతంగా పొంగి, తీపి మిగిలి ఉండగానే హఠాత్తుగా ఆగిపోయిందంటే ఈస్టు వేడికీ చక్కెరకూ కలిపి చతికిలబడిందని అర్థం.

పొంగు ఉన్నంతసేపూ బొగ్గుపులుసు వాయువు రసం మీద దుప్పటిలా పరుచుకొని గాలిని దగ్గరికి రానివ్వదు. పొంగు ఆగగానే గాలి దిగుతుంది, గాలితో పాటు ఎసిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. అది ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లోని పులుపుగా మారుస్తుంది. ఆ ఆమ్లమూ మిగిలిన ఆల్కహాలూ కలిసినప్పుడు పుట్టే ఇథైల్ ఎసిటేట్ అన్న పదార్థానిదే మీరు చెప్పిన గోళ్ల రంగు వాసన. కల్లు దింపే పల్లెల్లో ఇది తెలియనివాళ్లు ఉండరు. పొద్దున దింపినప్పుడు తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది, మర్నాటికి లొట్టిలో నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. అక్కడ పని చేసేదీ ఇదే ఈస్టు, ఇదే బ్యాక్టీరియా. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1860ల్లో ఈ మార్పులు సూక్ష్మజీవుల పనేనని రుజువు చేసేదాకా వెనిగర్ చేసేవాళ్లకు కూడా కారణం తెలియదు.

తెల్లటి పొరను పగటి వెలుగులో దగ్గరగా పరిశీలించండి. పలుచగా, పొడిగా, ముడతలు పడినట్టు ఉండి గరిటె తగలగానే ముక్కలైతే అది గాలిని కోరే ఒక రకం ఈస్టు పొర, తీసేస్తే చాలు. నున్నగా, జిగురుగా, తాటిముంజె పైపొరలా సాగుతూ ఉంటే అది వెనిగర్ పొర, మనకు కావలసినదే. అలా కాక నూగు నూగుగా, ఆకుపచ్చగానో నల్లగానో, గులాబీ రంగులోనో బూజు కనిపిస్తే ఆలోచించకుండా మొత్తం పారబోయండి. పైన తీసేసి కింది రసం వాడుకుందామన్న పొదుపు పనికిరాదు.

బూజు లేదనుకొని, ఇలా చేయండి. ముందు డ్రమ్మును కిందికి దించి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో పెట్టండి. పొర తీసి, రసాన్ని శుభ్రమైన నేత గుడ్డలో వడపోసి పిప్పిని గట్టిగా పిండండి. ఏడు లీటర్ల రసానికి మరో ఏడు లీటర్ల కాచి చల్లార్చిన నీరు కలపండి. నీరు కలిపితే రుచి చప్పబడుతుందని సందేహించవద్దు; వెనిగర్ బ్యాక్టీరియాకు 5 నుంచి 8 శాతం ఆల్కహాల్ అనువైనది, 16 శాతానికి దారి తీసే చిక్కటి రసంలో అది కూడా పని చేయలేదు. ఈ కలుపుతో ఈస్టుకూ భారం సగమవుతుంది.

తరువాత కొత్త ఈస్టు కావాలి. ఒక చెంచా పొడి ఈస్టును గోరువెచ్చని నీటిలో చిటికెడు పంచదారతో కలిపి పావుగంట ఉంచండి. నురుగు కట్టాక అందులో గ్లాసుడు రసం పోసి మరో అరగంట ఆగండి. ఆ కొత్త వాతావరణానికి అలవాటు పడ్డాక మొత్తం రసంలో కలపండి. పాత్ర మూడు వంతులకు మించి నింపవద్దు, మూత బిగించవద్దు. బిగిస్తే వాయువుకు దారి లేక పాత్ర పగిలిపోతుంది. మధ్యాహ్నం పూట పాత్రను నీళ్ల తొట్టిలో నిలబెట్టి చుట్టూ తడి గోనె కప్పితే నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. రోజూ రెండుసార్లు చెక్క గరిటెతో కలపండి. వారం పది రోజుల్లో తీపి పోయి పొంగు నిలుస్తుంది. ఒకవేళ రసం ఇప్పటికే బాగా పుల్లబడి ఉంటే ఆ పులుపులో ఈస్టు లేవకపోవచ్చు. రెండు రోజులు చూసి కదలిక లేకపోతే దానితో పోరాడవద్దు, నేరుగా తరువాతి మెట్టుకు వెళ్లండి. వచ్చే వెనిగర్ కాస్త తియ్యగా ఉంటుంది, బలం కూడా తగ్గవచ్చు.

ఇక్కడ ఒక మాట. తీపి పోయిన ఈ దశలో దీన్ని ఆపి, సీసాలకెత్తి తాగడానికి దాచుకుంటే అది వైన్ అవుతుంది, లైసెన్సు లేని వైన్ కూడా చట్టం దృష్టిలో మద్యమే. కనుక ఆగకుండా అదే వారంలో వెనిగర్‌కు మళ్లించండి.

అందుకు తోడు కావాలి. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ ఎక్కువగా ఎసిటిక్ ఆమ్లాన్ని నీటిలో కలిపి చేసినది. అందులో ప్రాణమున్న బ్యాక్టీరియా ఉండదు, ఎంత పోసినా తోడుకోదు. వడకట్టని, వేడి చేయని, ‘మదర్’ (ప్రాణమున్న వెనిగర్ పొర) ఉందని సీసా మీద రాసిన యాపిల్ వెనిగర్ కొనండి. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం వంటి పట్టణాల్లో మందుల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో అడగండి. అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా పైతేట రసాన్ని వెడల్పు మూతి ఉన్న గాజు జాడీల్లోకి వంచి, నాలుగు లీటర్లకు ఒక లీటరు చొప్పున ఆ వెనిగర్ కలపండి. అంత కొనడం ఖర్చనిపిస్తే ముందు ఒక్క జాడీలో చేయండి, అది తయారయ్యాక దానితోనే మిగతావాటికి తోడు వేసుకోవచ్చు. కానీ అంతదాకా మిగతా రసం ఊరికే కూర్చోదు, తనంతట తానే పులుస్తుంది, ఫలితం మన చేతిలో ఉండదు. అందుకే మొదటిసారి తోడు మీద డబ్బు పెట్టడమే మేలని నా అభిప్రాయం. రాగి, ఇత్తడి, అల్యూమినియం, ఇనుప పాత్రలు వెనిగర్‌కు పూర్తిగా నిషిద్ధం. అమ్మమ్మల నాటి పచ్చడి జాడీలు అందంగా ఉన్నా, వాటి పాత మెరుగుపూతలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటినీ వాడవద్దు.

జాడీని మూడు వంతులే నింపి, రెండు మడతల నేత గుడ్డతో వాసెన కట్టండి. మూత పెడితే గాలి ఆడదు, కట్టకుండా వదిలితే పండు ఈగలు గుడ్లు పెడతాయి. ఎండ తగలని మూల ఉంచి, పొర కట్టడం మొదలయ్యాక కదపవద్దు. పొర మునిగిపోతే బ్యాక్టీరియాకు గాలి అందక పని మందగిస్తుంది. ఆరు వారాల తరువాత శుభ్రమైన చెంచాతో అంచు నుంచి కొద్దిగా తీసి రుచి చూడండి. గోళ్ల రంగు వాసన తగ్గి, పుల్లటి ఘాటు ముక్కుకు సూటిగా తగలాలి. మనకున్న వెచ్చదనంలో రెండు మూడు నెలల్లో చాలావరకు పూర్తవుతుంది.

పూర్తయినదో లేదో నాలుకతో తేల్చవద్దు. మీ దగ్గరలోని జూనియర్ కాలేజీ రసాయనశాస్త్ర అధ్యాపకుణ్ణి అడగండి. ఇంటర్ పిల్లలు చేసే అంశమాపనమే ఇది. 10 మిల్లీలీటర్ల వెనిగర్‌లో ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, ఒక నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని లేత గులాబీ రంగు నిలిచేదాకా పోస్తారు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 0.6తో గుణిస్తే ఆమ్లం శాతం వస్తుంది. ద్రాక్ష రంగు ముదురుగా ఉంటే నీరు కలిపి పలుచన చేస్తే గులాబీ రంగు గుర్తుపట్టడం తేలిక. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం వెనిగర్‌లో ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలి. తీపి పూర్తిగా పులిసి ఉంటే, మీరు కలిపిన పాళ్లను బట్టి 5 శాతం దాటాలి. బలం తెలియని వెనిగర్‌ను ఉల్లిపాయ, పచ్చిమిర్చి వంటి నిల్వ ఊరగాయలకు వాడవద్దు. పూటకు సరిపడా సలాడ్‌లోకో, నూడుల్స్‌లోకో, చేపముక్కలకు పట్టించడానికో వాడుకోవచ్చు.

తయారైన వెనిగర్‌ను అలాగే గాలికి వదిలితే అదే బ్యాక్టీరియా ఆమ్లాన్ని కూడా తినేసి నీరుగార్చేస్తుంది. కాబట్టి వడపోసి, స్టీలు గిన్నెలో 65 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చేసి, సీసాల్లో మూతి దాకా నింపి బిగించండి. తోడుకోసం మాత్రం ఒక సీసా వేడి చేయకుండా ఉంచుకోండి.

వచ్చే కాపు గురించి రెండు విషయాలు. ద్రాక్ష కోశాక పండదు. రంగు తిరగగానే కోయకుండా, గింజ కొరికి చూసి అది గోధుమరంగుకు మారాకే కోస్తే మీ కాయ పులుపు చాలావరకు తగ్గుతుంది, పిల్లలు తినే రుచికి రావచ్చు కూడా. దక్షిణాదిలో కాపు కోసం అక్టోబరులో కొమ్మలు కత్తిరించడం ఆనవాయితీ, కానీ కోనసీమలో నవంబరు దాకా వాయుగుండాల వానలు పడుతుంటాయి, లేత చిగురు తడిస్తే బూజు తెగులు పట్టుకుంటుంది. వానలు తగ్గాక కత్తిరించడం మంచిదని నా ఉద్దేశం. తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టి ఉంటే గుత్తులను రెండు మూడు నీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి మాత్రమే నలపండి. కాయ మీది తెల్లటి పొడి ఈస్టే కదా, కడిగితే పోతుందేమో అని చాలామంది భయపడతారు. అది చాలావరకు మైనమే, ఈస్టు మనం ఎలాగూ వేరే వేస్తున్నాం. పంచదార ఈసారి అసలు కలపవద్దు. లీటరుకు 150 గ్రాముల సొంత చక్కెరతోనే 8 శాతం దాకా ఆల్కహాల్, దాని మీద నిక్షేపంలాంటి వెనిగర్ వస్తాయి.

వడపోసిన పిప్పిని కొబ్బరి మొదళ్లలో పచ్చిగా వేయకుండా, పేడతో, ఎండుటాకులతో కలిపి గోతిలో మాగనివ్వండి. చుట్టాలకు రెండు సీసాలు పంచుకోవడానికి ఏ అనుమతీ అక్కరలేదు కానీ, ఊళ్లో అమ్మాలనుకుంటే మాత్రం ముందు ఆహార భద్రత శాఖ దగ్గర ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ తీసుకోండి, ప్రతి విడత బలాన్నీ పరీక్ష చేయించి సీసా మీద రాయండి.